పక్కపక్క పదాలు, వేరువేరు అర్థాలు: హాడో రేవులో ఇంగ్లీషు మాటల వివేచన

అండమాన్ నికోబార్ ద్వీపాల రాజధాని శ్రీవిజయపురం. 2024 సెప్టెంబరు వరకు దీని పేరు పోర్ట్ బ్లెయిర్. ఆ పట్టణంలోని రేవు ప్రాంతం హాడో. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి వచ్చే ప్రయాణికుల ఓడలు చేరేది ఇక్కడి వార్ఫ్‌కే. విశాఖ నుంచి ఇక్కడికి సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు రోజులకు పైగా ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో ప్రతి వంద మందిలో దాదాపు పదమూడు మందికి తెలుగే మాతృభాష. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకో కూలికో వ్యాపారానికో వచ్చి స్థిరపడిన కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి.

ఈ తెలుగువారి దైనందిన జీవితం ఇంగ్లీషు ప్రకటనల మీద ఆధారపడి ఉంటుంది. ద్వీపాల పరిపాలన యంత్రాంగం ప్రచురించే దినపత్రికలు రెండు: ఇంగ్లీషులో 'ద డైలీ టెలిగ్రామ్స్', హిందీలో 'ద్వీప్ సమాచార్'. ఓడల రాకపోకల వేళలు, వాతావరణ సూచనలు, భూముల నోటీసులు ముందుగా ఆ భాషల్లోనే వెలువడతాయి. వాటిని తెలుగులోకి మార్చుకునే పని కొంత పత్రికలు చేస్తే, చాలావరకు చదువుకున్న పిల్లలో పొరుగువారో చేస్తారు. సరిగ్గా ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. నిఘంటువులో పక్కపక్కనే ఉండి, చూడటానికి ఒకేలా కనిపించి, తెలుగులోకి వచ్చేసరికి ఒకే మాటగా కలిసిపోయే ఇంగ్లీషు పదాలు కొన్ని ఉన్నాయి. పరీక్షలో అయితే వాటిని తికమకపడితే ఒక మార్కు పోతుంది. రేవులో అయితే పడవ విప్పాలా వద్దా, ఇల్లు విడిచి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయమే తారుమారవుతుంది.

అలాంటి కొన్ని పదాల పుట్టుకను, వాడుకను, వాటికి తెలుగులో పాటించవలసిన తేడాను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిఘంటువులో ఇరుగుపొరుగు

మన సంప్రదాయ కోశాలు పదాలను అర్థాన్ని బట్టి గుంపులుగా పేర్చాయి. అమరకోశంలో సముద్రం, నది, అల, పడవ వంటి మాటలన్నీ వారివర్గంలో ఒకచోట ఉంటాయి. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహమూ ఆ పద్ధతిదే. అక్కడ పొరుగున ఉన్న పదం అర్థంలోనూ పొరుగుదే.

అక్షరక్రమం అలా కాదు. ఇంగ్లీషులో తొలి ఏకభాషా నిఘంటువుగా చెప్పే రాబర్ట్ కాడ్రీ గ్రంథం 1604లో వచ్చింది. అప్పటికి అక్షరక్రమంలో పదాన్ని వెతకడం పాఠకులకు ఎంత కొత్తంటే, ముందుగా అక్షరమాల వరుసను బాగా నేర్చుకోవాలని ఆయన వివరించి చెప్పవలసి వచ్చింది. మనకు 1852లో మద్రాసులో అచ్చయిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఈ అలవాటును స్థిరపరిచిన వాటిలో ముఖ్యమైనది. ఈ పద్ధతిలో వెతకడం సులువు. కానీ పొరుగున ఉన్న రెండు పదాలకు అక్షరాల పోలిక తప్ప మరో సంబంధం ఉండనక్కరలేదు. ఇందుకు భిన్నంగా, ఒకే ధాతువు నుంచి పుట్టిన తోబుట్టువులు వందల పుటల దూరంలో ఉండవచ్చు. పోలికను చూసి అర్థాన్ని ఊహించడం వల్లనే పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి.

వాచ్, వార్నింగ్, అలర్ట్

డబ్ల్యూ అక్షరం కింద 'వార్నింగ్', 'వాచ్' దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. 'అలర్ట్' ఎక్కడో మొదటి పుటల్లో 'అలారమ్'కు దాపున ఉంటుంది. వాతావరణ ప్రకటనల్లో మాత్రం వాచ్, అలర్ట్, వార్నింగ్ మూడూ ఒక నిచ్చెనకు మూడు మెట్లు.

భారత వాతావరణ శాఖ తుపాను సమయంలో నాలుగు దశల్లో ప్రకటనలు ఇస్తుంది. మొదటిది 'ప్రీ సైక్లోన్ వాచ్'. ఇది సుమారు 72 గంటల ముందు వస్తుంది. రెండవది 'సైక్లోన్ అలర్ట్'. ప్రతికూల వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు. మూడవది 'సైక్లోన్ వార్నింగ్'. కనీసం 24 గంటల ముందు. నాలుగవది తుపాను తీరం దాటిన తర్వాతి పరిస్థితిని చెప్పే 'పోస్ట్ ల్యాండ్‌ఫాల్ అవుట్‌లుక్'. తీరం దాటుతుందని అంచనా వేసిన సమయానికి సుమారు 12 గంటల ముందు మొదలవుతుంది. రంగుల సంకేతాల్లోనూ ఇదే వరుస ఉంది. పసుపు అంటే వాచ్: సమాచారం తెలుసుకుంటూ ఉండండి. నారింజ అంటే అలర్ట్: సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే వార్నింగ్: చర్య తీసుకోండి.

తెలుగు వార్తల్లో ఈ మూడు మెట్లూ తరచు ఒకే మెట్టుగా మారిపోతాయి. 'ఎల్లో అలర్ట్', 'ఆరెంజ్ అలర్ట్', 'రెడ్ అలర్ట్' అని మూడింటికీ ఒకే మాట తగిలిస్తాం. అచ్చ తెలుగులో రాస్తే మూడింటినీ 'హెచ్చరిక' అంటాం. వాతావరణ శాఖ లెక్కలో అలర్ట్ అనదగినది నారింజ ఒక్కటే.

హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, 2007 అక్టోబరు నుంచి సునామీ ముందస్తు సూచనలు ఇస్తోంది. 2004 డిసెంబరు 26 నాటి విషాదం తర్వాత ఏర్పడిన వ్యవస్థ అది. అక్కడ కూడా వార్నింగ్, అలర్ట్, వాచ్ అనే మూడు స్థాయిలే. వార్నింగ్ అంటే తీరం ఖాళీ చేసి ఎత్తైన ప్రదేశానికి వెళ్లాలి. అలర్ట్ అంటే సముద్రపు ఒడ్డుకు పోకుండా దూరంగా ఉండాలి. వాచ్ అంటే ఇళ్లు వదలనక్కరలేదు, తదుపరి సమాచారం కోసం కనిపెట్టుకుని ఉండాలి. తుపాను విషయంలో ఈ మూడు మెట్లు కాలం గడిచేకొద్దీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. సునామీ విషయంలో అలా కాదు. ఒకే ప్రకటనలో ఒక తీరానికి వార్నింగ్, మరో తీరానికి వాచ్ ఉండవచ్చు. పైగా భూకంప కేంద్రం దగ్గరలో ఉంటే, ద్వీపవాసులకు తీరిగ్గా అర్థం చెప్పుకునే వ్యవధి కూడా ఉండదు.

ఈ పదాల పుట్టుక తెలిస్తే తేడా గుర్తుంచుకోవడం సులువు. 'వాచ్' మెలకువగా ఉండటాన్ని సూచించే ప్రాచీన ఇంగ్లీషు మాట. నిద్ర లేవడానికి వాడే 'వేక్' దాని చుట్టమే. ఓడల్లో వంతులవారీ కాపలాను ఇప్పటికీ వాచ్ అనే అంటారు. 'అలర్ట్' ఇటాలియన్ భాషలో కాపలా బురుజు మీద ఉండి చూడమని చెప్పే మాట నుంచి వచ్చింది. దాని పొరుగున ఉన్న 'అలారమ్' ఆయుధాలు పట్టమని పిలిచే ఇటాలియన్ కేకకు రూపాంతరం. 'వార్న్' జాగ్రత్త అనే భావం గల ధాతువుది. 'అవేర్', 'బివేర్' దాని బంధువులు. మెలకువగా ఉండటం ఒకటి, బురుజెక్కి చూడటం మరొకటి, ప్రమాదాన్ని ఎదుటివారికి చెప్పి కదిలించడం ఇంకొకటి.

కాషన్, డేంజర్: రేవులో ఎగిరే అంకెలు

తెలుగు పాఠకులకు బాగా పరిచయమైన వార్తా వాక్యం ఒకటి ఉంది: రేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. ఈ వాక్యంలో 'ప్రమాద' అన్న మాట మూలంలో లేదు.

మన రేవుల్లో ఎగురవేసే సంకేతాలు పదకొండు. ఒకటో నంబరు ఇంగ్లీషు పేరు 'డిస్టెంట్ కాషనరీ'. దూరంగా సముద్రంలో వాయుగుండం ఉంది, రేవుకు ప్రస్తుతం ముప్పు లేదు, బయలుదేరే ఓడలు జాగ్రత్తపడాలి అని దాని భావం. రెండోది 'డిస్టెంట్ వార్నింగ్': దూరంగా తుపాను ఏర్పడింది. మూడోది 'లోకల్ కాషనరీ': రేవు దగ్గరే ఈదురుగాలుల వాతావరణం నెలకొనవచ్చు. నాలుగోది 'లోకల్ వార్నింగ్': రేవుకే తుపాను ముప్పు పొంచి ఉంది. 'డేంజర్', అంటే ప్రమాదం, అన్న మాట మొదటిసారి వచ్చేది ఐదో నంబరులో. ఐదు, ఆరు, ఏడు ప్రమాద సంకేతాలు. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాద సంకేతాలు. పదకొండోది వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెబుతుంది.

ఇందులో మరో సంగతి చాలామంది దృష్టికి రాదు. ఐదు కంటే ఆరు, ఆరు కంటే ఏడు ఎక్కువ తీవ్రమైనవి కావు. మూడింటి తీవ్రత ఒకటే. తుపాను రేవును ఎడమవైపు ఉంచి వెళుతుందా, కుడివైపు ఉంచి వెళుతుందా, రేవు మీదుగానో అతి సమీపంగానో వెళుతుందా అన్న దిశాభేదాన్నే ఆ అంకెలు చెబుతాయి. ఎనిమిది, తొమ్మిది, పదికీ అదే పద్ధతి.

'కాషన్' అంటే జాగ్రత్త. లాటిన్‌లో తనను తాను కాచుకోవడం అనే అర్థం నుంచి వచ్చింది. నిఘంటువులో దానికి కాస్త అటూఇటూగా 'కాజ్', 'కాషస్' ఉంటాయి. 'కాజ్' అంటే కారణం, దానితో బంధుత్వం లేదు. జాగ్రత్తను ప్రమాదంగా అనువదిస్తే మొదటి రోజు పాఠకుడు భయపడతాడు. పదోసారి ఏమీ జరగకపోయేసరికి తేలికగా తీసుకుంటాడు. నిజంగా ప్రమాద సంకేతం ఎగిరిన రోజు ఆ మాటకు బలం మిగలదు. చేపల వేట మీద బతికే కుటుంబానికి రెండు వైపులా నష్టమే: అక్కరలేని భయంతో పడవ కట్టేస్తే ఆ రోజు కూలి పోతుంది, అలవాటైన నిర్లక్ష్యంతో పడవ విప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

గాలి, అల, కదలిక

వాతావరణ ప్రకటనల్లోనే కనిపించే మరికొన్ని జంటలను ఇక్కడే చెప్పుకోవచ్చు. 'గస్ట్', 'గస్టో' నిఘంటువులో ఆనుకుని ఉంటాయి. మొదటిది ఉన్నట్టుండి విసిరే గాలి. ఉత్తర ఐరోపా నార్స్ భాషది. రెండవది ఉత్సాహం, అభిరుచి. లాటిన్‌లో రుచిని సూచించే మాట నుంచి ఇటాలియన్ మీదుగా వచ్చింది. గాలి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, 'గస్టింగ్ టు 65' అని ప్రకటన ఉంటే, గాలివేగం 65కు చేరిందని కాదు. నిలకడగా వీచే గాలి 45–55 మధ్య ఉండి, మధ్యమధ్య విసురు 65 దాకా వెళుతుందని. మన వాతావరణ శాఖ నిలకడ గాలిని మూడు నిమిషాల సగటుగా లెక్కిస్తుంది. చిన్న పడవను తలకిందులు చేసేది తరచు ఆ విసురే కనుక రెండు అంకెలనూ వేరువేరుగా చెప్పడం అవసరం.

'స్టేషనరీ' అనే ఉచ్చారణ గల పదాలు రెండు. చివరి భాగంలో ఒకదానిలో 'ఏ' అక్షరం, మరొకదానిలో 'ఇ' అక్షరం. మొదటిది కదలనిది, రెండవది కాగితాలు, కలాల వంటి రాత సామగ్రి. ఇవి మాత్రం నిజమైన తోబుట్టువులు. మధ్యయుగపు ఐరోపాలో ఊరూరా తిరిగే వర్తకులకు భిన్నంగా, విశ్వవిద్యాలయాల దగ్గర స్థిరమైన దుకాణం పెట్టుకుని పుస్తకాలు అమ్మేవారిని 'స్టేషనర్' అనేవారు. వారు అమ్మే సరుకు స్టేషనరీ అయింది. తుపాను ప్రకటనల్లో 'ప్రాక్టికల్లీ స్టేషనరీ' అనే మాట తరచు వస్తుంది. వాయుగుండం దాదాపు కదలకుండా ఉన్నచోటనే ఉందని దాని భావం. స్థిరంగా ఉందని రాస్తే, బలంలో మార్పు లేదని పాఠకుడు అనుకోవచ్చు. కదలని వాయుగుండం బలపడుతూ ఉండవచ్చు. అందుచేత 'కదలిక లేదు' అని రాయడమే క్షేమం.

ఎవాక్యుయేట్, ఎవిక్ట్

'ఇ' అక్షరం కింద, ఒకటి రెండు పుటల వ్యవధిలో, 'ఎవాక్యుయేట్', 'ఎవిక్ట్' ఉంటాయి. తెలుగులో రెండింటికీ సులువుగా వచ్చే క్రియ ఒకటే: ఖాళీ చేయించారు. భాష వల్ల ఇంతకన్నా పెద్ద అన్యాయం జరిగే చోటు మరొకటి తక్కువ.

'ఎవాక్యుయేట్'లో ఉన్నది శూన్యాన్ని సూచించే లాటిన్ ధాతువు. 'వాక్యూమ్', 'వేకెంట్' దానివే. ప్రాణాలు కాపాడటానికి ఒక ప్రదేశం నుంచి మనుషులను తాత్కాలికంగా తరలించడం దీని ప్రస్తుత అర్థం. తిరిగి వచ్చే హక్కు ఆ మాటలోనే ఉంది. 2004 సునామీ తర్వాత నికోబార్ ద్వీపాల నుంచి వేలాది మందిని తరలించింది ఈ అర్థంలోనే.

'ఎవిక్ట్'లో ఉన్నది జయించడం అనే అర్థం గల మరో లాటిన్ ధాతువు. చట్టం ద్వారా గెలిచి, ఉన్నవారిని ఇంటి నుంచో భూమి నుంచో వెళ్లగొట్టడం దాని భావం. తిరిగి వచ్చే హక్కు ఉండదు. అటవీ భూమి లేదా ప్రభుత్వ భూమి ఆక్రమణ నోటీసుల్లో కనిపించేది ఈ మాట. భూమి పరిమితం, అడవి రక్షితం అయిన ద్వీపాల్లో ఈ నోటీసులు అరుదైనవి కావు.

ఒకే కుటుంబం జీవితకాలంలో ఈ రెండు మాటలనూ ఎదుర్కోవచ్చు. తుపాను రాత్రి వచ్చిన తరలింపు ఆదేశాన్ని తొలగింపుగా అర్థం చేసుకుంటే, గుడిసె విడిచిపెడితే స్థలం పోతుందన్న భయంతో ఇంట్లోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. తొలగింపు నోటీసును తరలింపుగా అర్థం చేసుకుంటే, అభ్యంతరం చెప్పుకోవలసిన గడువు దాటిపోతుంది. 'తరలించారు', 'తొలగించారు' అనే రెండు క్రియలు తెలుగులో సిద్ధంగా ఉన్నాయి. 'ఖాళీ చేయించారు' అన్న మాటను ఈ రెండు సందర్భాల్లోనూ మానుకుంటే చాలు.

'ఎవిక్ట్'కు నిజమైన తోబుట్టువులు నిఘంటువులో చాలా ముందు, సి అక్షరం కింద ఉన్నాయి: 'కన్విక్ట్', 'కన్విన్స్'. వాదనతో మనసును గెలిస్తే కన్విన్స్, సాక్ష్యంతో నేరాన్ని రుజువు చేసి గెలిస్తే కన్విక్ట్. 'కన్విక్షన్' అనే నామవాచకానికి రెండు అర్థాలు అందుకే: నేర నిర్ధారణ, గట్టి నమ్మకం. అండమాన్ చరిత్రలో ఈ రెండు అర్థాలూ ఒకే మనిషిలో కలిసిన సందర్భాలు ఎన్నో. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ శిక్షా స్థావరం మొదలుపెట్టింది. 1906లో సెల్యులార్ జైలు నిర్మాణం పూర్తయింది. 1879 రంప తిరుగుబాటు, 1922–24 మన్యం పోరాటాల తర్వాత శిక్షపడిన తెలుగువారిలో కొందరు ఇక్కడికే వచ్చారు. పాలకుల దస్తావేజుల్లో వారు కన్విక్టులు. వారిని నడిపించింది కన్విక్షన్.

ఇక్కడే 'సెటిల్‌మెంట్' మాటనూ గమనించాలి. శిక్షా స్థావరం ఒక సెటిల్‌మెంట్. స్వాతంత్ర్యం తర్వాత తూర్పు బెంగాల్ శరణార్థులకు భూమి ఇచ్చి నెలకొల్పిన ఊళ్లూ సెటిల్‌మెంట్లే. రెవెన్యూ కార్యాలయంలో భూమి శిస్తు నిర్ణయమూ, న్యాయస్థానంలో రాజీ కూడా సెటిల్‌మెంటే. సందర్భం చూడకుండా ఒకే అనువాదం పెట్టలేని మాట ఇది.

ఎంబార్క్, ఎంబార్గో, ఎంబరాస్

నిఘంటువులో 'ఎంబార్గో', 'ఎంబార్క్', 'ఎంబరాస్' ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మూడూ ఒకే ఇంటివి అనిపిస్తుంది, కానీ కావు.

'ఎంబార్క్' ఓడ ఎక్కడం. ఫ్రెంచిలో పడవను సూచించే 'బార్క్' అందులో ఉంది. ఓడ దిగడం 'డిసెంబార్క్'. హాడోలో దిగే ప్రతి ప్రయాణికుడి పత్రంలోనూ ఈ రెండు మాటలు ఉంటాయి. పని మొదలుపెట్టడం అనే లాక్షణికార్థంలో వాడేటప్పుడు దాని వెంట 'ఆన్' రావాలి.

'ఎంబార్గో'లో పడవ లేదు, అడ్డుకర్ర ఉంది. దారికి అడ్డంగా వేసే కమ్మీని సూచించే 'బార్' ఆ పదానికి మూలం. స్పానిష్ భాష మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఓడలను రేవు విడిచిపోకుండా ఆపడం మొదటి అర్థం, వర్తక నిషేధం తర్వాతి అర్థం. వార్తా సంస్థల్లో దీనికి మూడో అర్థం ఉంది. ముందుగా అందిన సమాచారాన్ని చెప్పిన గడియ వరకు ప్రచురించకూడదన్న షరతును ఎంబార్గో అంటారు. అంటే సమాచారం మీద ఎంబార్గో ఉందన్న వాక్యానికి, ఆ సమాచారం నిషిద్ధమని కాదు, ఇంకా వేళ కాలేదని అర్థం.

'ఎంబరాస్' ఇబ్బందిపెట్టడం, సిగ్గుపడేలా చేయడం. ఫ్రెంచి, స్పానిష్‌ల మీదుగా వచ్చింది. దాని స్పానిష్ బంధువు 'ఎంబరసాదా'కు గర్భవతి అని అర్థం. భాషలు దాటేటప్పుడు రూపసామ్యాన్ని నమ్మరాదనడానికి భాషాశాస్త్ర తరగతుల్లో తరచు చెప్పే ఉదాహరణ ఇది.

ఐలండ్, ఐల్, ఐలెట్

పొరుగు పదం అర్థాన్నే కాదు, వర్ణక్రమాన్ని కూడా చెడగొట్టగలదనడానికి 'ఐలండ్' మంచి సాక్ష్యం. ప్రాచీన ఇంగ్లీషులో అది నీటి నడుమ ఉన్న నేల అనే అర్థం గల సొంత మాట. అందులో ఎస్ అక్షరం లేదు. ఫ్రెంచి నుంచి వచ్చిన 'ఐల్' వేరే కుటుంబానిది. దాని మూలం లాటిన్ 'ఇన్సులా'. రెండింటి అర్థం ఒకటే కావడంతో, ఐల్‌లోని ఎస్ అక్షరం కాలక్రమంలో ఐలండ్‌లోకి చొరబడింది. పలకని ఆ అక్షరాన్ని నేటికీ పిల్లలు బట్టీ పడుతున్నారు.

ఇన్సులా సంతానం మరికొన్ని చోట్ల ఉంది. ద్వీపంలా విడిగా ఉంచడం 'ఐసొలేట్'. దాదాపు ద్వీపం అనదగినది 'పెనిన్సులా', మన ద్వీపకల్పం. క్లోమంలో ద్వీపాల్లా చెదిరి ఉన్న కణసమూహాల్లో తయారవుతుంది కనుక 'ఇన్సులిన్'కు ఆ పేరు వచ్చింది.

'ఐలెట్' అంటే చిన్న ద్వీపం. అండమాన్ నికోబార్‌లో 836 ద్వీపాలు ఉన్నాయని చెప్పేటప్పుడు ఈ మాట అవసరమవుతుంది. ఆ లెక్కలో ద్వీపాలతో పాటు ఐలెట్లు, నీటిపై తేలి కనిపించే రాతి గుట్టలు కూడా కలిసి ఉన్నాయి. మనుషులు నివసించేవి ముప్పైకి కాస్త పైన మాత్రమే. అన్నింటినీ ద్వీపాలని రాస్తే పాఠకుడి మనసులో ఏర్పడే చిత్రం వేరుగా ఉంటుంది. తెలుగులో ద్వీపం సంస్కృత రూపం, దీవి దాని తద్భవం. గోదావరి, కృష్ణా తీరాల్లో నది మధ్య నేలను లంక అంటాం. సముద్రంలోని ఐలెట్‌కు 'చిరుదీవి' చక్కగా సరిపోతుంది.

క్షేమం కోసం మార్చిన మాటలు

పదాలు దగ్గరగా ఉండి ప్రాణాలకు ముప్పు తెచ్చినప్పుడు, వాటిని వాడేవారు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఓడకు కుడివైపును 'స్టార్‌బోర్డ్', ఎడమవైపును 'లార్‌బోర్డ్' అనేవారు. గాలిహోరులో రెండూ ఒకేలా వినిపించేవి. చుక్కాని ఎటు తిప్పాలో తికమక కలిగేది. 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్‌ను మాని, అప్పటికే నావికుల నోట ఉన్న 'పోర్ట్' అనే మాటనే వాడాలని ఆదేశించింది. రేవు గట్టుకు ఆనించే వైపు కనుక ఆ పేరు. పోర్ట్ అంటే రేవు, పోర్ట్ అంటే ఎడమ అనే రెండర్థాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

రెండో ఉదాహరణ 'ఇన్‌ఫ్లేమబుల్'. ఇంగ్లీషులో 'ఇన్' అనే ఉపసర్గలు రెండు. ఒకటి కాదు, లేదు అనే అర్థంలో వస్తుంది. మరొకటి లోపలికి అనే అర్థంలో. ఇన్‌ఫ్లేమబుల్‌లో ఉన్నది రెండోది. కనుక దాని అర్థం సులువుగా మంటలంటుకునేది. మొదటి ఉపసర్గ అనుకున్నవారు మంటలంటుకోనిదని భ్రమపడతారు. ఈ ప్రమాదం గుర్తించి, 1920లలో అమెరికాలోని జాతీయ అగ్ని నివారణ సంఘం 'ఫ్లేమబుల్' అనే రూపాన్ని ప్రోత్సహించింది. రెండు రూపాల అర్థమూ ఒకటే. ఇంధనం, వంటగ్యాసు సముద్రం మీదుగా వచ్చే చోట డబ్బా మీద ఉన్న ఈ మాట కూలివారికి సరిగ్గా తెలిసి తీరాలి. తెలుగులో 'త్వరగా మండే పదార్థం' అని రాస్తే సందేహానికి తావే లేదు. 'ఇన్‌హాబిటబుల్' కూడా ఇలాంటిదే: అది నివాసయోగ్యం, నివాసయోగ్యం కానిది కాదు.

తెలుగులో ఏం చేయవచ్చు

ఈ ఉదాహరణల నుంచి తేలే సూత్రం ఒకటే. మూలభాషలో రెండు మాటలు రెండు వేరు పనులను కోరుతుంటే, తెలుగులోనూ రెండు మాటలు ఉండాలి. కొత్తగా పదాలు పుట్టించనక్కరలేదు. ఉన్నవాటిని స్థిరంగా, ఎప్పుడూ ఒకే అర్థంలో వాడితే చాలు. వాచ్‌కు 'పరిశీలన సూచన', అలర్ట్‌కు 'సన్నద్ధత సూచన', వార్నింగ్‌కు మాత్రమే 'హెచ్చరిక' అని పత్రికలు, ప్రసార సంస్థలు, విపత్తు నిర్వహణ విభాగాలు ఒక అంగీకారానికి రావచ్చు. ఒకటో నంబరును 'దూరపు జాగ్రత్త సంకేతం' అనవచ్చు. 'ప్రమాద సంకేతం' అన్న పేరును ఐదో నంబరు కోసం దాచి ఉంచాలి. పక్కనే ఆ మాట కోరే చర్యను ఒక్క వాక్యంలో చెప్పడం ఇంకా మేలు: కనిపెట్టి ఉండండి, సిద్ధపడండి, కదలండి.

పాఠకులు కూడా మూడు జాగ్రత్తలు పాటించవచ్చు. మొదటిది, పదం రూపాన్ని చూసి అర్థం ఊహించకుండా నిఘంటువు తెరవడం. రెండవది, వెతికిన పదంతో పాటు దాని పైన, కింద ఉన్న రెండేసి పదాలను కూడా చదవడం. తికమకపడేది వాటితోనే కనుక తేడా అప్పుడే మనసులో నాటుకుంటుంది. మూడవది, అధికారిక ప్రకటన అయితే, అది ఏ పని చేయమంటోందని అడగడం. పని తెలియకపోతే అర్థం తెలియనట్టే.

ద్వీపాల్లో స్థిరపడిన తెలుగువారికీ, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంట బతికేవారికీ బంగాళాఖాతం ఒక్కటే. ఒకే వాయుగుండం ఇక్కడ పుట్టి అక్కడ తీరం దాటవచ్చు. రెండు ఒడ్డుల మీదా ఒకే తెలుగు మాట ఒకే అర్థంతో వినిపించడం చక్కని భాష కోసమే కాదు, మనుషుల క్షేమం కోసం అవసరం.